నోట మాట తెచ్చే సూది: ఒక పాత మందు కథ



పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు పెట్టిన మెసేజి అందరూ చూసే ఉంటారు. వాళ్ల అవ్వకు లకవా కొట్టి రెండు నెలలైంది. కాలు కొంచెం కుదుటపడింది, కుడి చెయ్యి ఇంకా లేవడం లేదు, నోట మాట మాత్రం పోయింది. పట్నంలో ఎక్కడో ఒక సూది ఉందట, అది వేస్తే పడిపోయిన మాట గంటలో తిరిగొస్తుందని ఎవరో చెప్పారు. "పొలం కుదువ పెట్టి అయినా వేయిస్తాం, ఎక్కడో చెప్పండి" అని అడిగాడు.

కింద చాలామంది దండం బొమ్మలు పెట్టారు. జవాబు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి. ఆ సూది ఉత్త గాలి కబురు కాదు. అలాంటిది నిజంగానే ఉండేది. పెద్ద పెద్ద డాక్టర్లు దాన్ని నమ్మారు, రోగుల మీద వేసి చూశారు, పత్రికల్లో రాశారు. తర్వాత ఏమైందన్నదే ఈ రోజు కథ. నా అలవాటు తెలుసు కదా, కొంచెం పొడుగవుతుంది. ఓపికగా చదవండి, ముఖ్యంగా ఇంట్లో లకవా మనిషి ఉన్నవాళ్లు.

మొదట మందు సంగతి. దాని కుటుంబం పేరు బార్బిట్యూరేట్లు. పేరు కొత్తగా ఉన్నా, ఆ కుటుంబంలో ఒక బిడ్డను మనందరం ఎరుగుదుం. ఊళ్లో ఫిట్స్ వచ్చే పిల్లవాడికి గార్డినాల్ మాత్ర ఇచ్చేవారు, గుర్తుందా? చిన్న తెల్ల బిళ్ల, వేసుకుంటే పిల్లవాడు బడిలో కునికిపాట్లు పడేవాడు. అది ఫినోబార్బిటాల్. 1912లో జర్మనీలో లూమినాల్ పేరుతో అమ్మకానికి వచ్చింది. దానికి ముందు 1903లో ఎమిల్ ఫిషర్, జోసెఫ్ ఫాన్ మేరింగ్ కలిసి వెరోనాల్ అనే నిద్రమందును లోకానికి చూపించారు. వీటన్నిటికీ మూలమైన బార్బిట్యూరిక్ ఆమ్లాన్ని 1864లోనే అడాల్ఫ్ ఫాన్ బేయర్ తయారు చేశాడు. దానికి నిద్రపుచ్చే గుణం లేదు. దాని పిల్లలకే ఆ గుణం వచ్చింది.

మన కథలోని మందు వీళ్లందరికంటే చిన్నది. 1920లలో అమెరికాలో ఎలై లిల్లీ కంపెనీ వాళ్లు తయారు చేసిన అమిటాల్. దాని సోడియం లవణాన్ని నీళ్లలో కలిపి నరానికి ఎక్కించవచ్చు. అదే సోడియం అమిటాల్. ఎక్కువ ఇస్తే మనిషి నిద్రపోతాడు, ఇంకా ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది. కొద్దిగా, మెల్లగా ఎక్కిస్తే మత్తుకూ మెలకువకూ మధ్య ఒక సందు దొరుకుతుంది. బెదురు తగ్గి, ఒళ్లు వదులై, నోరు తెరుచుకుంటుంది. రెండు పెగ్గులు పడిన మనిషి ఎలా మాట్లాడతాడో పెళ్లిళ్లలో చూస్తూనే ఉన్నాం, వేరే చెప్పనక్కర్లేదు.

1930లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో విలియం బ్లెక్వెన్ అనే డాక్టరు ఆ సందును పట్టుకున్నాడు. అక్కడి మానసిక ఆసుపత్రిలో కెటటోనియా రోగులు ఉండేవారు. రాయిలా బిగుసుకుపోయి, పలకరించినా పలకకుండా, తినకుండా నెలల తరబడి పడి ఉండేవారు. వాళ్లకు ఈ సూది వేస్తే కాసేపట్లో లేచి కూర్చుని, పేరు చెప్పి, అన్నం అడిగి, ఇంటి సంగతులు మాట్లాడారు. మందు దిగగానే మళ్లీ పాత స్థితికే వెళ్లిపోయారు. ఆయన దాన్ని ఫిల్ము కూడా తీశాడు. మనమే అక్కడ ఉండి ఉంటే దేవుడు పూనాడని కొబ్బరికాయ కొట్టేవాళ్లం.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. బాంబుల మధ్య బతికి బయటపడ్డ సైనికులు కొందరు మూగబోయారు. తలకు దెబ్బ లేదు, నాలుకకు గాయం లేదు, అయినా మాట లేదు. ఇంగ్లండులో విలియం సార్జెంట్, ఉత్తర ఆఫ్రికా రంగంలో అమెరికన్ డాక్టర్లు రాయ్ గ్రింకర్, జాన్ స్పీగెల్ ఈ జాతి సూదులతోనే వాళ్ల చేత మాట్లాడించారు. చూసిన భయంకరాన్ని ఏడుస్తూ చెప్పేసేవారు, చాలామందికి గొంతు తిరిగొచ్చేది. 'మాట తెచ్చే సూది' అనే పేరుకు పునాది పడింది ఇక్కడే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. బోరు మోటారు ఆగిందనుకోండి. స్టార్టర్ ట్రిప్ అయి ఆగితే బటన్ నొక్కితే తిరుగుతుంది. కాయిల్ కాలిపోయి ఆగితే బటన్ ఎన్నిసార్లు నొక్కినా నీళ్లు రావు. బయటినుంచి చూసేవాడికి రెండూ ఒకటే, మోటారు తిరగడం లేదు. భయంతోనో మనోవ్యాధితోనో మూగబోయిన మనిషిది మొదటి రకం. మెదడులో మాటకు చోటైన భాగానికి రక్తం అందక చచ్చిపోతే అది రెండో రకం. దీన్నే అఫేసియా అంటారు. నాలుక ఆడుతుంది, గొంతు ఉంటుంది, మాటలే దొరకవు. కొందరికి ఎదుటివాళ్లు చెప్పేది కూడా అర్థం కాదు. మన ఊళ్లల్లో దీన్ని మతి పోయిందని, మొండితనమని అనుకుంటారు. రెండూ కాదు.

మరి సైనికుల మీద పని చేసిన సూదిని అఫేసియా రోగులకు ఎందుకు వేశారు? ఆ డాక్టర్లేమీ తెలివితక్కువవాళ్లు కారు. కర్ట్ గోల్డ్‌స్టైన్ అనే పెద్ద వైద్యుడు మొదటి ప్రపంచ యుద్ధంలో మెదడు దెబ్బతిన్న సైనికులను ఏళ్లపాటు చూసి ఒక సంగతి చెప్పాడు. చేతకాని పని ముందుకొచ్చినప్పుడు అలాంటి రోగి ఒక్కసారిగా కలవరపడిపోతాడు, చెమటలు పడతాయి, ఏడుస్తాడు, కోపం తెచ్చుకుంటాడు, దాంతో వచ్చేది కూడా రాకుండా పోతుంది. ఇది నిజం. లకవా మనిషిని పదిమంది చుట్టూ నిలబడి "నన్ను గుర్తుపట్టావా? నా పేరు చెప్పు" అని అడిగితే ఏమవుతుందో మనం చూస్తూనే ఉంటాం. కాబట్టి ఆ కలవరాన్ని మందుతో అణిస్తే, మిగిలి ఉన్న మాటైనా బయటికి వస్తుందేమో అన్న ఆలోచన సబబైనదే.

1947లో లూయీ లిన్ అనే అమెరికన్ డాక్టరు అఫేసియాకు సోడియం అమిటాల్ చికిత్స గురించి ఒక చిన్న నివేదిక అచ్చు వేయించాడు. ఆశ పుట్టించే నివేదిక. యుద్ధం నుంచి తలకు గాయాలతో తిరిగొచ్చిన కుర్రవాళ్లతో ఆసుపత్రులు నిండి ఉన్న రోజులవి. ఇంకొందరు అందుకున్నారు. 1951లో బెర్గ్‌మన్, గ్రీన్ అనే ఇద్దరు ఇదే సూదిని మరికొంత జాగ్రత్తగా పరీక్షించి 'న్యూరాలజీ' పత్రికలో ఫలితం రాశారు. నరానికి అమిటాల్ ఎక్కిస్తే అఫేసియా బాగుపడలేదు. 1955లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో దీని మీదే ఒకాయన పీహెచ్‌డీ కూడా చేశాడు. ఆ తర్వాత ఈ దారిన నడిచేవాళ్లు తగ్గిపోయారు. మత్తులో రోగి స్థిమితంగా, సంతోషంగా కనిపించవచ్చు, ఇంటివాళ్లకు మాట కూడా మెరుగైనట్టే అనిపించవచ్చు. పోయిన పదాలు మాత్రం రావు.

మన తమ్ముడి చెవిన పడిన కబురుకు మూలం ఇదే అయి ఉండాలి. డెబ్బై ఏళ్ల కింద పరీక్షలో తప్పిన సూది, నోటినుంచి నోటికి మాత్రం పాసవుతూనే ఉంది.

అయితే కథ ఇక్కడ ముగిసిపోతే నేను రాసేవాణ్ణి కాదు. అసలు రుచి ఇప్పుడే మొదలవుతుంది. మాట తెస్తుందనుకున్న మందే, మాటను ఆపేసి, మెదడు గురించి గొప్ప రహస్యం చెప్పింది.

యుద్ధం ముగిసిన కొత్తలో జపాన్‌లోని హొక్కైదోలో జూన్ వాడా అనే యువ డాక్టరు ఉండేవాడు. తలకు తూటా దెబ్బ తగిలి, ఆగకుండా ఫిట్స్ వస్తున్న ఒక కుర్రవాడు ఆయన చేతికొచ్చాడు. మందులు అంతంతమాత్రం. వాడా తెగించి, అమిటాల్‌ను చేతి నరానికి కాకుండా మెడలో ఎడమవైపు మెదడుకు రక్తం తీసుకుపోయే పెద్ద ధమనిలోకి ఎక్కించాడు. మందు ఆ పక్క మెదడుకే చేరింది. ఫిట్స్ ఆగాయి. దాంతోపాటు కుర్రవాడి కుడి పక్క చచ్చుబడింది, మాట పోయింది! కాసేపటికి మందు దిగాక రెండూ తిరిగొచ్చాయి. వాడా 1949లో దీన్ని జపనీస్‌లో రాశాడు. బయటి ప్రపంచానికి చాలాకాలం తెలియలేదు.

అంటే ఏమిటి? సగం మెదడును కొన్ని నిమిషాలు నిద్రపుచ్చి, మిగతా సగం ఒంటరిగా ఏం చేయగలదో చూడవచ్చు. ఎడమ పక్క పడుకోబెడితే మాట ఆగిందా, మాట ఎడమన ఉంది. ఆగలేదా, కుడిన ఉంది. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా, ఒకే ఒక్క అక్షరం తప్ప పలకలేని రోగి చనిపోయాక మెదడు కోసి చూసి, మాట చోటు ఎడమ ముందు భాగంలో ఉందని చెప్పాడు. రోగి చనిపోతే గాని తెలియనిది ఇప్పుడు బతికుండగానే, ఆపరేషన్‌కు ముందే తెలుస్తోంది.

వాడా 1950ల మధ్యలో కెనడాలోని మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లాడు. ఫిట్స్‌కు మెదడు ఆపరేషన్ చేయడంలో ప్రపంచానికి దారి చూపిన వైల్డర్ పెన్‌ఫీల్డ్ స్థాపించిన చోటు అది. వాళ్లకు పెద్ద బెంగ ఒకటుండేది. ఫిట్స్ పుట్టే చోటును కోసి తీసేటప్పుడు మాట చోటును కూడా కోసేస్తే? వాడా, థియోడర్ రాస్‌ముస్సెన్ కలిసి 1960లో తమ అనుభవాన్ని ఇంగ్లీషులో అచ్చు వేయించారు. అప్పటినుంచి దానికి వాడా పరీక్ష అని పేరు. రోగి పడుకుని రెండు చేతులూ పైకెత్తి అంకెలు లెక్కపెడుతుంటాడు. మందు వెళుతుంది. ఎదురు పక్క చెయ్యి వాలిపోతుంది. మాట ఉన్న పక్కే అయితే లెక్క మధ్యలో ఆగిపోతుంది. బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వవేత్త దీనికి జ్ఞాపకశక్తి పరీక్షను కూడా జోడించింది. 1977లో రాస్‌ముస్సెన్, మిల్నర్ ఇచ్చిన లెక్క ఇప్పటికీ చెప్పుకుంటారు. కుడిచేతి వాటం వాళ్లలో నూటికి 96 మందికి మాట ఎడమ మెదడులో, 4 మందికి కుడిన. ఎడమచేతి వాటం వాళ్లలో నూటికి 70 మందికి ఎడమన, 15 మందికి కుడిన, 15 మందికి రెండు పక్కలా. ఎడమచేతి పిల్లల్ని కొట్టి మార్పించే పెద్దలు ఇంకా మనలో ఉన్నారు కాబట్టి ఈ లెక్క చెబుతున్నాను. వాళ్ల మెదడు లోపం ఉన్న మెదడు కాదు, అమరిక కొందరిలో వేరు, అంతే.

ఈ మాంట్రియల్‌కూ మన వైపుకూ ఒక దారి ఉంది. అక్కడ పెన్‌ఫీల్డ్ దగ్గర చదువుకున్న జేకబ్ చాండీ 1949లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో దేశంలోనే మొదటి న్యూరోసర్జరీ విభాగం తెరిచారు. ఫిట్స్‌కు మెదడు ఆపరేషన్ 1952లో అక్కడే జరిగింది. రాయలసీమ ఊళ్లనుంచి చాపా చెంబూ కట్టుకుని వెల్లూరు బండెక్కిన తెలుగువాళ్లు ఎందరో! 1956 దాకా మన రాయచూరు జిల్లా నిజాం హైదరాబాదు రాష్ట్రంలోనిది కాబట్టి, మన తాతలు పెద్ద జబ్బంటే ఉస్మానియా వైపు చూసేవారు. ఆ తర్వాత బెంగళూరు నిమ్హాన్స్ వైపు చూపు మళ్లింది.

ఇప్పుడు మన సొంత ప్రశ్నకు వద్దాం. అరకేర, దేవదుర్గ చుట్టుపక్కల మనం ఇంట్లో తెలుగు, సంతలో కన్నడ, కాస్త దక్కనీ ఉర్దూ, పిల్లలైతే ఇంగ్లీషు. లకవా కొడితే ఏ భాష పోతుంది? అన్నీ ఒకే గదిలో ఉన్నాయా, వేరు వేరు గదులా?

ఫ్రాన్స్‌లో రిబో అనే ఆయన 1881లో ముందు నేర్చినది చివర పోతుందన్నాడు, అంటే అమ్మ భాషే ముందు తిరిగి రావాలి. 1895లో పీత్ర్ అనే ఆయన కాదు, జబ్బుకు ముందు ఎక్కువ వాడిన భాషే ముందు వస్తుందన్నాడు. తర్వాత పోగైన కేసులు ఇద్దరినీ పూర్తిగా ఒప్పుకోలేదు. ఎక్కువమందికి భాషలన్నీ కలిసే దెబ్బతింటాయి, కలిసే కోలుకుంటాయి. కొందరికి ఒకటి ముందు, ఒకటి వెనుక. బహుభాషల వాళ్లకు కుడి మెదడు కూడా సాయం చేస్తుందేమోనని ఒక ఊహ ఉండేది. మలేసియాలో చైనీస్, ఇంగ్లీషు మాట్లాడేవాళ్ల మీద వాడా పరీక్ష చేసి 1983లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లలోనూ భాషలన్నీ ఎడమ పక్కనే ఉన్నాయి. గదులు వేరైనా, ఇల్లు ఒక్కటే.

మన భాష మాట్లాడేవాళ్ల మీద జరిగిన పని హైదరాబాదు నిమ్స్‌లోది. డాక్టర్ సువర్ణ అల్లాడి, ఎడిన్‌బరోలోని థామస్ బాక్, ఇంకా కొందరు కలిసి 2013లో 648 మంది మతిమరుపు జబ్బు రోగుల వివరాలు ప్రకటించారు. అందులో 391 మంది రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషల వాళ్లు. ఒకే భాష వాళ్లకంటే వీళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది. బడి మెట్టెక్కని మన అవ్వలు సంతలో రెండు భాషల్లో బేరమాడటం ఊరికే పోలేదన్నమాట.

2016లో అదే బృందం 608 మంది లకవా రోగుల లెక్క ఇచ్చింది. లకవా తర్వాత కూడా బుద్ధి చురుగ్గా నిలిచినవాళ్లు రెండు భాషల వాళ్లలో 40.5 శాతం, ఒకే భాష వాళ్లలో 19.6 శాతం. రెట్టింపు! అయితే అఫేసియా విషయంలో ఆ తేడా లేదు. రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకే శాతం మందికి వచ్చింది. రెండు భాషలు ఆలోచనను కాపాడాయి, మాటను కాపాడలేదు. సంఘం సభల్లో "బహుభాషలు వస్తే ఏ జబ్బూ రాదు" అని ప్రసంగించే మిత్రులు రెండో సగం కూడా చదవాలని నా మనవి.

ఇక ఆ పాత మందు ఇప్పుడెక్కడుంది? 2000ల తర్వాత అమిటాల్ దొరకడమే కష్టమైంది. వాడా పరీక్షకు వేరే మత్తుమందులు వాడటం మొదలుపెట్టారు. చాలా చోట్ల ఎమ్మారై యంత్రంలోనే మాట చోటు చూస్తున్నారు. దాని తమ్ముడు పెంటథాల్‌ను మాత్రం టీవీలో చూశాం. బెంగళూరులో నార్కో పరీక్షల రోజులు గుర్తున్నాయా? సూది వేస్తే నిజం వాగేస్తాడని నమ్మారు. 2010 మే 5న సెల్వి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం కేసులో, మనిషి ఒప్పుకోకుండా అలాంటి పరీక్ష చేయకూడదని సుప్రీంకోర్టు తేల్చింది. మత్తులో వచ్చేది మాటే, నిజమే అయి ఉండాలని లేదు.

తమ్ముడూ, ఇప్పుడు నీకు. ఆ సూది కోసం పొలం కుదువ పెట్టొద్దు. పెద్ద వయసులో, మింగడం కూడా సరిగా లేని మనిషికి మత్తు సూది వేస్తే ఊపిరికే ప్రమాదం. లకవాకు నిజమైన సూది వేరే ఉంది, గడ్డకట్టిన రక్తాన్ని కరిగించేది. దాని పరీక్ష ఫలితం 1995లో వచ్చింది. అది మొదటి మూడు గంటల్లో, తర్వాతి పరీక్షల ప్రకారం నాలుగున్నర గంటల్లోపే వేయాలి, అదీ స్కానింగు తీసి, రక్తస్రావం కాదని తేల్చుకున్నాకే. మూతి వంకర, చెయ్యి వాలడం, మాట తడబడటం కనిపించిన నిమిషమే బండెక్కాలి. మీ అవ్వకు ఆ గడువు దాటిపోయింది. చెప్పడానికి నాకూ కష్టంగానే ఉంది. నాటు మందు, మంత్రం, పసరు అంటూ మొదటి పూట పోగొట్టుకున్న ఇళ్లు మనలో చాలానే ఉన్నాయి, మా ఇల్లూ అందులో ఒకటి.

రెండు నెలలంటే మాట పూర్తిగా మూసుకుపోయినట్టు కాదు. మొదటి కొన్ని నెలల్లోనే ఎక్కువ కోలుకుంటారు, ఆ తర్వాత కూడా మెల్లగా కోలుకునేవాళ్లున్నారు. స్పీచ్ థెరపీ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లు. మైసూరులో 1960ల నుంచి దీనికోసమే జాతీయ సంస్థ ఉంది, బెంగళూరు నిమ్హాన్స్‌లోనూ విభాగం ఉంది. కన్నడంలో అఫేసియా పరీక్షలు తయారు చేయడానికి ప్రతిభా కారంత్ లాంటి వాళ్లు ఏళ్లు వెచ్చించారు. అక్కడ మొదటే చెప్పు: అవ్వ ఇంటి భాష తెలుగు, సంత భాష కన్నడ అని. చెప్పకపోతే ఒక్క కన్నడంలోనే పరీక్ష చేసి సగం మనిషినే చూసే వీలుంది. ఇంట్లో ఒక్కొక్కరే మాట్లాడండి, చిన్న మాటలు, జవాబుకు సమయం ఇవ్వండి, టీవీ ఆపండి.

నిన్న సాయంత్రం ఫోను చేసి అడిగాను, అసలు ఏ శబ్దమూ రావడం లేదా అని. కాసేపు సందేహించి చెప్పాడు. ఎవరైనా ఒకటి, రెండు అని అందిస్తే పది దాకా ఎంచుతుందట, కోపమొస్తే తిట్టుకూడా తిడుతుందట. ఇది అఫేసియాలో చాలామందిలో కనిపించేదే. అరిగిపోయిన మాటలు, వరుస లెక్కలు, పాటలు, తిట్లు మిగిలిపోతాయని నూరేళ్లకు ముందే హ్యూలింగ్స్ జాక్సన్ రాశాడు. థెరపీ వాళ్లు ఆ దారంతోనే అల్లడం మొదలుపెడతారు. ఏ భాషలో అని అడిగాను. నలభై ఏళ్లు సంతలో మిరపకాయలు అమ్మిన మనిషి కదా, ఎంచడం కన్నడంలోనట. తిట్లు మాత్రం అన్నీ తెలుగేనట.